చిట్టెలుక, మనిషి క్రోమోజోముల్లో జన్యువుల వరుస

మనిషికి 23, చిట్టెలుకకు 20 జతల క్రోమోజోములు. ఈ జాతుల దారులు వేరై సుమారు 7.5 కోట్ల ఏళ్లయింది. ఆ తరువాత క్రోమోజోములు ఎన్నోసార్లు తెగి, తలకిందులై, మరోచోట అతుక్కున్నాయి. అయినా 90 శాతానికి పైగా జన్యురాశిని సరిపోలే ఖండాలుగా గుర్తించవచ్చని 2002లో వెలువడిన చిట్టెలుక జన్యుపటం తేల్చింది. మనిషి 17వ క్రోమోజోముకు జోడు దాదాపు పూర్తిగా చిట్టెలుక 11వ దానిలోనే ఉంది. క్యాన్సర్ పరిశోధనలో పేరుపడ్డ టీపీ53, బీఆర్‌సీఏ1 జన్యువులు అక్కడివే. ఒకే క్రోమోజోముపై ఉన్నాయి కనుక వరుసా అదేననుకోవడం పొరపాటు: ఎక్స్ క్రోమోజోములో జన్యువులు చాలావరకు అవే, అమరిక మాత్రం బాగా మారింది. మనిషి 21వ క్రోమోజోము జన్యువులైతే చిట్టెలుకలో 16, 17, 10 క్రోమోజోముల మీదికి చెదిరాయి. మనిషిలో ఈ 21వ క్రోమోజోము అదనంగా ఉండటం వల్ల వచ్చే డౌన్ సిండ్రోమ్‌ను ఎలుకల్లో యథాతథంగా కల్పించడం కష్టం కావడానికి ఇదొక ముఖ్య కారణం.