గాలిలోని జీవికి నామకరణము

ఇంట శిశువు పుట్టినచో బాలసారెనాడు పేరు పెట్టుట మన యాచారము. ఆ శిశువు వంశమేదో మనకు ముందే తెలియును. గాలిలో దొరకిన సూక్ష్మజీవి విషయమట్లు కాదు; వంశనిర్ణయము జరిగిన పిమ్మటనే దానికి పేరు. ఈ నిర్ణయము మానవునికెట్లు సాధ్యమైనదో మనము తెలిసికొందము.

1860లో ఫ్రాన్సు దేశపు లూయీ పాస్చర్, మరగకాచి మూతి బిగించిన పోషకద్రవపు సీసాలను వేర్వేరు తావులలో క్షణకాలము తెరచి, మరల మూసెను. పల్లపు నేలను తెరచిన 20 సీసాలలో 8, జూరా కొండపై 20లో 5, ఆల్ప్స్ పర్వతముల మంచునది యొద్ద 20లో ఒక్కటి మాత్రమే చెడినవి. తరువాత పియేర్ మికెల్ పారిస్ లోని మోంసూరి పరిశోధనాలయమున ఏండ్ల తరబడి గాలిలోని బాక్టీరియాను లెక్కించి, ఉద్యానవనములకంటె నగరవీథులలో నవి మిక్కుటమని చూపెను.

లెక్క కుదిరినది గాని, ఏది యేదో గుర్తించుట కుదరలేదు. 1872లో జర్మను శాస్త్రజ్ఞుడు ఫెర్డినాండ్ కోన్ వానిని ఆకారమును బట్టి విభజించెను. 1884లో డెన్మార్కు వైద్యుడు గ్రామ్ రంగు పట్టు తీరును బట్టి వేరుచేయు పద్ధతిని కనుగొనెను. అయినను రూపమొక్కటైనంతమాత్రమున వంశమొక్కటి కాదు గదా! 1977లో అమెరికాలో కార్ల్ వోజ్, జార్జి ఫాక్స్ అనువారు కణములలోని రైబోసోముల ఆర్.ఎన్.ఎ.ను పోల్చి బంధుత్వము తేల్చు మార్గము చూపిరి.

ఆ మార్గము మన హైదరాబాదున ఫలించినది. 2005 ఏప్రిల్ 20న ఇస్రోవారు ఇచ్చటినుండి ఒక మహా బెలూనును పంపిరి. గాలి తీసివేసి, క్రిమిరహితము గావించిన ఉక్కు గొట్టములతో 20 మొదలు 41 కిలోమీటర్ల యెత్తువరకు గాలిని సేకరించిరి. హైదరాబాదు సి.సి.ఎం.బి.లోను, పుణెలోని జాతీయ కణవిజ్ఞాన కేంద్రములోను పరీక్షింపగా, 12 బాక్టీరియా సమూహములు, 6 బూజు సమూహములు కనబడినవి. ఆ పన్నెండింటిలో తొమ్మిది భూమిపై తెలిసిన జాతులతో 98 శాతమునకు మించి పోలినవి. తక్కిన మూడే క్రొత్తవి.

ఆ పోలిక యొక్కటే చాలదు. మొత్తము డి.ఎన్.ఎ.ను దగ్గరి జాతులతో పోల్చవలెను. కణములోని కొవ్వులను, పెరుగుటకు వలయు ఆహారమును, వేడిమిని పరీక్షింపవలెను. సజీవమైన నమూనాను రెండు దేశముల భాండాగారములలో నుంచవలెను. అప్పుడు సందేహించువారు స్వయముగా సరిచూచుకొనగలరు. ఇట్టి పరీక్షలు దాటి 2009లో ఆ మూడును జానిబాక్టర్ హోయిలై, బాసిల్లస్ ఇస్రోనెన్సిస్, బాసిల్లస్ ఆర్యభట్టై అను పేర్లు పొందినవి. ఒకటి ఖగోళశాస్త్రజ్ఞుడు ఫ్రెడ్ హోయిల్ పేర, ఒకటి ఇస్రో పేర, ఒకటి మన ఆర్యభటుని పేర వెలసినవి.

జీవము అంతరిక్షమునుండి వచ్చెనని హోయిల్ వాదించెను. ఇవియే తార్కాణమని చాటుట యెంత సులభము! ఇస్రో మాత్రము ఈ ఫలితము దానిని నిశ్చయముగా నిరూపింపదని ప్రకటించెను. ఆ నిగ్రహము మంచిదైనది. తరువాత ఆర్యభట్టై జాతి పంటమొక్కల వేళ్ళకడ మట్టిలోను దొరకినది. 2020లో జన్యుపటముల పరిశీలన వలన అది ప్రీస్టియా అను వేరు ప్రజాతికి మార్చబడినది.

కావున శాస్త్రమునందు నామకరణము తుది తీర్పు కాదు. భద్రపరచిన నమూనా యున్నంతకాలము, క్రొత్త సాక్ష్యము వచ్చినపుడెల్ల మనము ఆ తీర్పును మరల విచారింపవచ్చును.