ఆంగ్లక్రియలు - కాలబోధ

క్రీ.శ. 1000 ప్రాంతమున ఆల్ఫ్రిక్ అనే ఇంగ్లీషు సన్న్యాసి తన శిష్యులకు లాటిన్ నేర్పుటకై ఒక వ్యాకరణాన్ని రచించినాడు. లాటిన్‌లో 'నిలుచు' అనే క్రియకు ప్రత్యేకమైన భవిష్యద్రూపం ఉన్నది. ఆనాటి ఇంగ్లీషులో దానికి దీటైన రూపం లేదు. అందుచేత ఆయన వర్తమానరూపాన్నే వ్రాసి, 'ఇప్పుడే గాని, మరొకప్పుడు గాని' అనే అర్థమిచ్చే మాటలు చేర్చి సరిపెట్టినాడు. నేడు పాఠశాలల్లో పన్నెండు కాలాలుగా వల్లె వేయించే ఈ భాషకు ఆనాడున్న కాలరూపాలు రెండే: భూతము, వర్తమానము.

తక్కినవన్నీ సహాయక్రియల వల్ల ఏర్పడినవి. ఇచ్ఛను తెలిపే 'విల్', విధిని తెలిపే 'షల్' క్రమంగా భవిష్యత్తును సూచింపసాగినవి. 'కలిగియుండు' అనే అర్థం గల 'హావ్', జరిగిపోయిన పనికి ప్రస్తుతంతో గల సంబంధాన్ని తెలుపుటకు వినియోగపడినది. 1653లో జాన్ వాలిస్ అనే గణితవేత్త లాటిన్‌లో వ్రాసిన ఇంగ్లీషు వ్యాకరణంలో, ఉత్తమపురుషలో 'షల్' జరుగబోవుదానిని మాత్రమే చెప్పుననీ, 'విల్' ప్రతిజ్ఞను తెలుపుననీ, తక్కిన పురుషలలో ఇది తారుమారగుననీ నియమం చేసినాడు. 1795లో వెలువడిన లిండ్లీ మరే వ్యాకరణం లాటిన్ మర్యాద ననుసరించి ఆరు కాలాలను లెక్కించినది. భాష తన అవసరం కొద్దీ పెరిగినది. లెక్క మాత్రం లాటిన్ నుండి వచ్చినది.

తెలుగునకు ఇట్టి లెక్క వేరుగా ఉన్నది. కాంబెల్ 1816లోను, బ్రౌన్ 1840లోను మద్రాసులో తెలుగు వ్యాకరణాలను ఇంగ్లీషులో ప్రకటించినారు. 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణం భూత, వర్తమాన, భవిష్యత్తులతో పాటు తద్ధర్మాన్ని కూడ చెప్పినది. 'అగ్ని దహించును' అన్నప్పుడు చెప్పబడేది నిన్నటి పనీ కాదు, రేపటి పనీ కాదు, స్వభావం. వ్యవహారంలో 'వస్తాడు' అనే ఒక్క రూపమే నిత్యమూ వచ్చే అలవాటునకూ, రేపటి రాకకూ చాలుతుంది. ఇంగ్లీషు ఇచ్చట రెండు రూపాలను కోరుతుంది.

తెలుగువారు ఇంగ్లీషులో తడబడే చోట్లు ఈ తేడా గల చోట్లే. 'చూచినాను' అన్నదానికి ఇంగ్లీషులో రెండు రూపాలున్నవి. నిన్న అని కాలం చెప్పితే 'సా'. ఎప్పుడన్నది చెప్పక, చూచిన అనుభవం నేటికి ముఖ్యమైతే 'హావ్ సీన్'. 'ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్డే' అన్నప్పుడు ఈ రెండూ కలిసిపోతవి. అట్లే 'పదేండ్లుగా ఇక్కడ ఉంటున్నాను' అనేవాడు ఇంగ్లీషులో 'ఐ యామ్ లివింగ్' అంటాడు. తెలుగు అతని నేటి స్థితిని చూస్తున్నది. ఇంగ్లీషు గడచిన పదేండ్లను గూడ లెక్కలోనికి తీసికొని 'హావ్ బీన్ లివింగ్' అంటున్నది. దోషం తెలివితక్కువతనం వల్ల వచ్చినది కాదు, మాతృభాషా సంస్కారం వల్ల వచ్చినది.

ఇంతకంటె హానికరమైనది అనువాదకుడు ఎదురు దిశగా చేసే పొరపాటు. 'హి సెడ్ దట్ హి వాజ్ ఇల్' అనే వాక్యంలో రెండవ భూతరూపం మొదటి క్రియను అనుసరించి వచ్చినదే. తెలుగులో వక్త పలికిన కాలమే నిలుస్తుంది: 'తనకు జబ్బుగా ఉన్నదని చెప్పినాడు.' దీనిని 'జబ్బుగా ఉండెనని చెప్పినాడు' అని వ్రాస్తే, ఆ జబ్బు అంతకు ముందే నయమైనదని పాఠకుడు గ్రహిస్తాడు. మూలకథలో మంచం పట్టియున్నవాడు అనువాదంలో కోలుకొని కూర్చుంటాడు! మాటకు మాట సరిపోయినా కథ తప్పినది.

'అతనికి ఇద్దరు కొడుకులు' అని ముగియవలసిన చోట 'కలిగియున్నాడు' అనడమూ, 'వచ్చినాడు' చాలిన చోట 'వచ్చియుండెను' అనడమూ ఈ కోవలోనివే. ఇట్టి వాక్యాలు అచ్చులో పదే పదే కనబడితే, తద్ధర్మం వంటి తెలుగు సొంపులు రచయితల చేతిలోనే మరుగున పడతవి. ఆల్ఫ్రిక్ తన భాషలో లేని రూపాన్ని కల్పించడానికి పూనుకొనలేదు. అర్థం చెడకుండ ఉన్న రూపానికి రెండు మాటలు చేర్చినాడు. తెలుగు అనువాదకునకు 'అప్పటికే', 'ఇంతవరకు', 'ఇంకను' వంటి మాటలు ఆ పని చేసిపెట్టడానికి సిద్ధంగా ఉన్నవి.