డాలర్ల దేశభక్తి

అమెరికాలో మనవాళ్ళు నలుగురు ఒకచోట చేరితే, బిర్యానీ అయ్యి పెరుగన్నంలోకి వచ్చేసరికి ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. "మనం పంపే డాలర్లే లేకపోతే ఇండియా ఏమైపోయేదో!" అని. భోజనాల దగ్గర దీనికి ఎవరూ అడ్డు చెప్పరు. నాకు మాత్రం 1991 గుర్తొస్తుంది. ఆ ఏడాది ప్రవాసుల డాలర్లు ఏం చేశాయో చూస్తే, పై మాటలో సగమే నిజమని తెలుస్తుంది. నేనేమీ ఆర్థికవేత్తని కాదు. జీతంలో మిగిలింది ఎక్కడ దాచుకోవాలా అని లెక్కలేసుకునే మామూలు మదుపరిని. అయితే ఈ కథ అచ్చంగా మనలాంటి మదుపరులదే, అందుకని టూకీగా చెబుతాను.

ముందు ఒక తేడా గమనించాలి. ఇంటికి పంపే డబ్బు వేరు, బ్యాంకులో వేసే డబ్బు వేరు. అమ్మ మందులకో, తమ్ముడి ఫీజుకో, ఊళ్ళో ఇంటి స్లాబుకో పంపింది ఖర్చయిపోతుంది, మళ్ళీ వెనక్కి రాదు. డిపాజిట్టు అలా కాదు. అది దేశానికి మనం ఇచ్చిన అప్పు. గడువు తీరాక వడ్డీతో సహా డాలర్లలో తిరిగి ఇవ్వాల్సిందే. మాటల్లో మాత్రం ఈ రెండిటినీ ఒకే గాట కట్టేస్తాం.

ప్రవాసుల కోసం రూపాయి ఖాతాలు 1970లో మొదలయ్యాయి. 1975లో ఎఫ్‌సీఎన్నార్ వచ్చింది. డాలర్లలో వేస్తే డాలర్లలోనే తిరిగి ఇస్తారు, మధ్యలో రూపాయి పడిపోతే ఆ నష్టం రిజర్వు బ్యాంకుది. పైగా వడ్డీ బయటి దేశాల బ్యాంకులకన్నా ఎక్కువ. మదుపరికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇచ్చేవాడికి అదెంత బరువో ఒక చిన్న లెక్కలో చూడండి. 1990 మొదట్లో డాలరు 17 రూపాయలు. అప్పుడు ఒకాయన వెయ్యి డాలర్లు వేశాడనుకుందాం. దేశం చేతికి వచ్చింది 17 వేల రూపాయలు. మూడేళ్ళకి, 1993లో, డాలరు 31 అయ్యింది. అసలు తీర్చడానికే 31 వేలు కావాలి, వడ్డీ దాని మీద అదనం. ఆ తేడా ఎవరు కట్టారు? మొదట రిజర్వు బ్యాంకు, 1993 నుంచి కేంద్ర ప్రభుత్వం. అంటే చివరికి అక్కడ అగ్గిపెట్టె మీద కూడా పన్ను కట్టేవాళ్ళు. మనకి సున్నా రిస్కు అంటే రిస్కు మాయమైపోయిందని కాదు, ఇంకొకరి నెత్తి మీదకి వెళ్ళిందని.

సరే, 1990కి వద్దాం. అప్పటికే కేంద్రం ఆదాయానికీ ఖర్చుకీ మధ్య లోటు జాతీయాదాయంలో 8 శాతం దరిదాపుల్లో ఉంది. ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ని ఆక్రమించింది. చమురు ధర ఎగిరింది. గల్ఫ్‌లో మనవాళ్ళు లక్ష పైచిలుకు మంది కట్టుబట్టలతో విమానాలెక్కి ఇంటికొచ్చేశారు. ఢిల్లీలో ప్రభుత్వాలు మారాయి, రేటింగు సంస్థలు ఇండియా మార్కులు తగ్గించాయి. 1991 జనవరికి విదేశీ మారక నిల్వలు సుమారు 120 కోట్ల డాలర్లకి దిగాయి. రెండు మూడు వారాల దిగుమతులకి సరిపోయేంత.

సరిగ్గా అప్పుడే ప్రవాసుల డిపాజిట్లు బయటికి నడవడం మొదలుపెట్టాయి. 1990 అక్టోబరు నుంచే వచ్చేవి తగ్గి పోయేవి పెరిగాయి. 1991 ఏప్రిల్ - జూన్ మూడు నెలల్లోనే దగ్గర దగ్గర వంద కోట్ల డాలర్లు వెళ్ళిపోయాయి.

ఈ అంకె పక్కన ఇంకో అంకె పెట్టి చూడండి. 1991 మే నెలలో స్టేట్ బ్యాంకు, స్మగ్లర్ల దగ్గర పట్టుకున్న 20 టన్నుల బంగారాన్ని ఒక స్విస్ బ్యాంకుకి అమ్మి (తిరిగి కొనుక్కునే షరతు మీద) సుమారు 20 కోట్ల డాలర్లు తెచ్చింది. జులైలో, అప్పటికి మన పి. వి. నరసింహారావు గారు ప్రధాని అయ్యారు, రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారాన్ని లండన్‌కి పంపి, ఇంగ్లండు, జపాను కేంద్ర బ్యాంకుల దగ్గర 40 కోట్ల డాలర్లు అప్పు తెచ్చింది. రెండూ కలిపితే 60 కోట్లు. ఇంట్లో బంగారం కుదువ పెడితే వచ్చినదానికన్నా, మనవాళ్ళు మూడు నెలల్లో తీసుకుపోయింది ఎక్కువ. దేశం పుస్తెలు తాకట్టు పెట్టిందని అందరికీ గుర్తుంది, ఎందుకు పెట్టాల్సి వచ్చిందో చెప్పేటప్పుడు చమురునీ, రాజకీయ నాయకుల్నీ తిడతాం. ఈ మూడో కారణం మన విందు భోజనాల్లో వినపడదు.

దీన్ని ద్రోహం అనను. దుబాయిలో పదేళ్ళు ఎండలో పనిచేసి కూడబెట్టినవాడు, ఆ బ్యాంకు తన డబ్బు తిరిగి ఇవ్వలేదేమో అనిపిస్తే తీసేసుకోడా? నీరు పల్లమెరుగు. డబ్బు భద్రతా, వడ్డీ ఎరుగు. నేనభ్యంతర పెట్టేది, దానికి దేశభక్తి అని పేరు పెట్టుకోవడం దగ్గరే.

తరవాతి కథ ఇంకా ఆసక్తికరం. 1991 జులైలో రూపాయి విలువ తగ్గించారు. ఆ ఏడాది చివరికల్లా బంగారం మీద అప్పు తీర్చేశారు. 1993 మార్చికల్లా మారకపు రేటు బజారుకి వదిలేశారు. హవాలా వాడిచ్చే రేటుకీ బ్యాంకు రేటుకీ తేడా తగ్గడంతో, ఇళ్ళకి పంపే డబ్బు బ్యాంకు దారి పట్టింది. 1990-91లో అలా వచ్చింది సుమారు 210 కోట్ల డాలర్లు, 1994-95లో 810 కోట్లు. దీనికి ఎవరూ తాయిలం ఇవ్వలేదు, ఎవరూ గ్యారంటీ ఇవ్వలేదు. రేటు సరిగ్గా ఉంటే చాలింది.

ఆ పాఠం నేర్చుకున్నాక కూడా కష్టం వస్తే మళ్ళీ తాయిలమే గుర్తొచ్చింది. 1998 మేలో పోఖ్రాన్ పరీక్షలు, వెంటనే ఆంక్షలు. ఆగస్టులో స్టేట్ బ్యాంకు రిసర్జెంట్ ఇండియా బాండ్లు తెచ్చింది. అయిదేళ్ళ గడువు, డాలర్ల మీద 7.75 శాతం వడ్డీ. అమెరికా ప్రభుత్వ బాండ్ల మీద అప్పుడు అయిదున్నర కూడా లేదు. వచ్చిన మొత్తం 420 కోట్ల డాలర్లు. వైటూకే పుణ్యమా అని మన తెలుగు కుర్రాళ్ళు సూట్‌కేసుల్లో ఆవకాయ సీసాలతో ఇక్కడ దిగుతున్న రోజులవి. 2000లో ఇండియా మిలీనియం డిపాజిట్లు వచ్చాయి, వడ్డీ 8.5 శాతం, వచ్చింది 550 కోట్లు.

రూపాయి ఏడాదికి ఒక శాతం కన్నా ఎక్కువ పడితే ఆ నష్టం ప్రభుత్వం భరిస్తుందని 1998 బాండ్ల షరతు. ఇది పెద్ద జూదమే. 1991 నుంచి 1998 దాకా రూపాయి ఏడాదికి 7 శాతం చొప్పున పడింది. అదే వేగం కొనసాగి ఉంటే ఆ అప్పు ఖరీదు 15 శాతం అయ్యేది. అదృష్టం బావుండి 42న్నర నుంచి 45న్నర దాకానే వెళ్ళింది. మొత్తం ఖరీదు 9 శాతం పైచిలుకు. ప్రభుత్వం ఇంట్లో రూపాయిల్లో అప్పు చేస్తే అప్పట్లో 12 శాతం. అలా గట్టెక్కింది. రెండు అప్పులూ గడువు రోజున, 2003లో, 2005లో, పైసాతో సహా తీర్చారు. ఆ రెండుసార్లూ రిజర్వు బ్యాంకు గవర్నరు, 1991లో ఆర్థిక శాఖలో కూర్చుని ఆ గడ్డు రోజులు చూసిన మన కడప జిల్లా వై. వి. రెడ్డి గారే కావడం నాకు బాగా నచ్చిన విషయం.

2013లో రూపాయి 68 దాటినప్పుడు మళ్ళీ అదే మందు. బ్యాంకులు తెచ్చే ప్రవాస డాలర్లకి రిజర్వు బ్యాంకు ఏడాదికి 3.5 శాతం ఖరీదు మీద మారకపు రక్షణ ఇచ్చింది, బజారులో అంతకన్నా చాలా ఎక్కువయ్యేది. మూడు నెలల్లో 2600 కోట్ల డాలర్లు వచ్చాయి. అందులో చాలా భాగం విదేశీ బ్యాంకులు డిపాజిటర్లకి అప్పిచ్చి వేయించిన డబ్బు. అప్పు చేసి చూపించిన దేశభక్తి అన్నమాట! 2016లో అదీ సజావుగా తీరింది.

ఇంతకీ మామూలు మదుపరిగా నేను తేల్చుకున్నది ఏమిటంటే, ఎవరైనా "మాతృభూమి పిలుస్తోంది" అని బాండు అమ్మబోతే మూడు ప్రశ్నలు అడగాలి. బజారు కన్నా ఎక్కువ వడ్డీ ఎందుకిస్తున్నారు? రూపాయి పడితే నష్టం ఎవరిది? పన్ను లేదంటున్నారు, ఏ దేశంలో? (అమెరికాలో ఉండేవాళ్ళం ఇండియా వడ్డీ మీద కూడా ఇక్కడ పన్ను కట్టాలి. విదేశీ ఖాతాలన్నీ కలిపి 10 వేల డాలర్లు దాటితే ఏటా చెప్పాలి కూడా.) రూపాయి డిపాజిట్టయితే నష్టం మనదే. 1998లో 42 ఉన్న డాలరు 2024 చివరికి 85 దాటింది, ఏడాదికి రెండున్నర శాతం పైనే. ఎక్కువ వడ్డీలోంచి ముందు అది తీసేసి అప్పుడు మురిసిపోవాలి.

జవాబులు నచ్చితే నిక్షేపంగా వేయండి, తప్పేం లేదు. అది వ్యాపారం. దేశానికి నిజంగా నిలబడ్డ డబ్బు ఇంకోటి ఉంది. 2023-24లో ప్రవాసులు ఇళ్ళకి పంపింది 11,800 కోట్ల డాలర్ల పైమాట. రిజర్వు బ్యాంకు సర్వే ప్రకారం అందులో తెలంగాణకి 8 శాతం, ఆంధ్రకి 4 శాతం పైన. ఆ డబ్బు పంపేవాడు వడ్డీ రేటు అడగడు, రేటింగు చూడడు. ఇంటి దగ్గర కష్టమొచ్చిందంటే ఇంకాస్త ఎక్కువ పంపుతాడు. బాండ్లు కొన్నవాళ్ళకన్నా, నెలనెలా అమ్మకి డబ్బు పంపే ఆ నర్సమ్మకీ, ఆ మేస్త్రీకీ దేశం ఎక్కువ రుణపడి ఉంది. ఎందుకంటే వాళ్ళు దాన్ని తిరిగి అడగరు.