ఆఖరి ఐదు పాళ్ల నీళ్లు

రావులపాలెం దగ్గర హైవే బంకులో బండికి లీటరు పెట్రోలు కొట్టించామనుకోండి. అందులో ఐదో వంతు దాకా నేల లోతుల్లోంచి తోడిన చమురు కాదు. చెరకు మడ్డి నుంచో, మొక్కజొన్న నుంచో, బియ్యం నుంచో తీసిన ఇథనాల్. బంకులో ఈ మాట కొత్తగా వినిపిస్తోంది కానీ గోదావరి సీమకు ఈ విద్య కొత్త కాదు. తీపిని పులియబెట్టి, మరిగించి, ఆవిరిని చల్లార్చి స్పిరిట్ దించడం ఇక్కడ తరాలుగా తెలుసు. ఆ స్పిరిట్‌ను పెట్రోల్లో కలవనీయకుండా అడ్డుపడ్డవి ఆఖరి ఐదు పాళ్ల నీళ్లు. నీటి మీదే బతికే డెల్టాలో, నీళ్లే చిక్కుముడిగా మారిన కథ ఇది.

ఏలేరు ఒడ్డున చెరకు

వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బరో 1781లో సామర్లకోట చేరాడు. అక్కడ ప్రయోగాల తోట పెంచాడు. పెద్దాపురం, పిఠాపురం జమీల్లో ఏలేరు వెంట రైతులు చెరకు ఎలా వేస్తున్నారో, గానుగాడి బెల్లం ఎలా వండుతున్నారో దగ్గరుండి చూసి రాసిపెట్టాడు. గోదావరి మీద కాటన్ దొర ఆనకట్ట రావడానికి అరవై ఏళ్ల ముందు మాట అది.

ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలైన ఆ ఆనకట్ట 1852కు పూర్తయింది. కాలువలు పారాయి, వరితో పాటు చెరకూ పెరిగింది. ఆ శతాబ్దం ముగిసే వేళకు సామర్లకోటలో దక్కన్ షుగర్ అండ్ అబ్కారీ కంపెనీ వెలిసింది. తాటిబెల్లాన్ని శుద్ధి చేసి పంచదార చేయడం ఒక పని, సారాయి దించడం రెండో పని. ఆ రెండూ కంపెనీ పేరులోనే ఉన్నాయి. ఇంతలో చెరకుకు ఎర్రకుళ్లు తెగులు పట్టింది. 1901లో బార్బర్ అనే శాస్త్రజ్ఞుడు ఆ తెగులును మన దేశంలో మొదట గుర్తించింది ఈ డెల్టా తోటల్లోనే. తట్టుకునే రకాల కోసం 1902లో సామర్లకోటలో పరిశోధన క్షేత్రం పెట్టారు.

ఊటకూ ఇంధనానికీ మధ్య

గోదావరి లంకల్లో ఎక్సైజ్ వాళ్లు పారబోసే నాటుసారా బెల్లం ఊట పేరు వినని వారు ఇక్కడ లేరు. ఫ్యాక్టరీలో జరిగేదీ సూత్రంలో అదే. ఈస్ట్ తీపిని తిని ఆల్కహాల్‌ను విడుస్తుంది. ఆల్కహాల్ 78 డిగ్రీల దగ్గర, నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి కాబట్టి సన్నటి సెగ మీద రెంటినీ విడదీయవచ్చు. అయితే ఎన్నిసార్లు దించినా సుమారు 95 పాళ్ల దగ్గర ఆగిపోతుంది. ఆ పైన ఆవిరిలో కూడా రెండూ కలిసే లేస్తాయి. మిగిలిన ఐదు పాళ్లు లాగడానికి ఒకప్పుడు కాల్చిన సున్నం వాడేవారు, తర్వాత బెంజీన్ వచ్చింది. ఇప్పుడు నీటి అణువులను మాత్రమే పట్టుకునే జియోలైట్ గుళికల గుండా పంపుతున్నారు.

ఆ ఐదు పాళ్లు పోకపోతే ఏమవుతుంది? నీళ్లున్న స్పిరిట్ పెట్రోల్లో నిలవదు, విడిపోయి ట్యాంకు అడుక్కి దిగుతుంది. వానాకాలం మన గాలిలో ఉండే తేమ ఆ ప్రమాదాన్ని ఇంకా పెంచుతుంది. ఒట్టి ఆల్కహాల్ మీదే ఇంజను నడపాలంటే మెకానిక్ చేతికి మరికొంత పని. లీటరు ఇథనాల్ ఇచ్చే శక్తి పెట్రోలు ఇచ్చేదాంట్లో మూడింట రెండు వంతులే. ఒక పాలు పెట్రోలు మండడానికి సుమారు 15 పాళ్ల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 చాలు. అందుకే కార్బురేటర్ జెట్ రంధ్రం పెద్దది చేయాలి. పాత రబ్బరు గొట్టాలు, వాషర్లు ఉబ్బి పాడవుతాయి, మార్చాలి. చల్లటి పొద్దున స్టార్ట్ కావడానికి మొరాయిస్తుంది. బదులుగా ఇంజనులో టకటకమనే నాక్ తేలిగ్గా రాదు, కంప్రెషన్ పెంచుకోవచ్చు. బ్రెజిల్ 1975లో చెరకు ఇంధనాన్ని జాతీయ పథకం చేసి, 1979కల్లా పూర్తిగా దానితో నడిచే కారును రోడ్డెక్కించింది ఈ లెక్కలన్నీ కుదుర్చుకునే.

ఇంట్లో మాత్రం ఈ ప్రయోగం వద్దు. లైసెన్సు లేకుండా స్పిరిట్ దించడం నేరం. దాని ఆవిరి నిప్పు కోసం కాచుకుని ఉంటుంది, మంట పగటి వెలుగులో సరిగా కనపడదు కూడా.

బొగ్గు బస్సుల నాడు

రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలుకు రేషన్ వచ్చింది. బస్సుల వెనక బొగ్గు కొలిమి కట్టి, ఆ గ్యాసుతో నడిపారు. ఇంధనంగా వాడే ఆల్కహాల్‌కు పెట్టిన పవర్ ఆల్కహాల్ అనే పేరు అప్పుడే గట్టిగా వినపడింది. నిజాం రాజ్యంలో 1937లో మొదలైన బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ఆల్కహాల్ తయారీకీ దిగింది. స్వాతంత్ర్యం రాగానే 1948లో పవర్ ఆల్కహాల్ చట్టం చేశారు. చౌక చమురు రోజుల్లో అది మూలపడింది, 2000లో రద్దయింది. మూడేళ్లు తిరగకుండానే, 2003లో, పెట్రోల్లో 5 శాతం ఇథనాల్ కలిపే పథకం తొమ్మిది రాష్ట్రాల్లో మొదలైంది. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

ఆ మధ్యకాలంలో డెల్టా ఆల్కహాల్ వేరే దారి పట్టింది. 1947లో ముళ్లపూడి హరిశ్చంద్రప్రసాద్ తణుకులో ఆంధ్రా షుగర్స్ స్థాపించారు. చక్కెర తీశాక మిగిలిన మడ్డి నుంచి ఆల్కహాల్, దాన్నుంచి ఎసిటిక్ యాసిడ్ దాకా వెళ్లారు. ఆస్పిరిన్ కూడా చేశారు. చెరకుతో సంబంధం లేకపోయినా, ఇస్రో రాకెట్లకు ద్రవ ఇంధనం తయారైందీ అదే ఊళ్లో. వ్యవసాయం నుంచి రసాయనశాస్త్రానికి అంత దూరం నడిచిన ఊరు తణుకు. తెలుగు పిల్లల పాఠాల్లో ఆ కథ ఉండాలని నా కోరిక.

వంతు నీళ్లు

ఇప్పుడు ఇథనాల్ తయారీలో చెరకు చోటును గింజ తీసుకుంటోంది. 2022 నవంబరు 4న గోకవరం మండలం గుమ్మళ్లదొడ్డిలో 270 కోట్ల రూపాయలతో ఇథనాల్ ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగింది. రోజుకు రెండు లక్షల లీటర్లు దాని సామర్థ్యం. నూకలకు, రంగు మారిన ధాన్యానికి గిరాకీ వస్తే మంచిదే. తడిసిన ధాన్యం కొనేవాళ్లు లేక కల్లంలో కూలబడిన రైతుకు అది ఊరట.

కానీ ఒక లెక్క మరవకూడదు. టన్ను బియ్యం నుంచి వచ్చేది దాదాపు 450 లీటర్లు. అంటే బంకులో కొట్టించిన ఆ లీటరులోని ఇథనాల్ అంతా బియ్యం నుంచే వచ్చిందనుకుంటే, వెనక అరకిలోకు కాస్త తక్కువ బియ్యం ఉంది. ఒక మనిషి ఒక రోజు అన్నం. ఆ బియ్యం పండడానికి మడి తాగిన నీళ్లు వెయ్యి లీటర్లకు పైనే. గోదావరి తగ్గిన ఏడు రెండో పంట దాళ్వాకు కాలువ నీళ్లు వంతులవారీగా వదులుతారు. శివారు ఆయకట్టు రైతు తన వంతు ఎప్పుడొస్తుందా అని రాత్రుళ్లు గట్టు మీద కూర్చుంటాడు.

స్పిరిట్‌లో మిగిలిన ఐదు పాళ్ల నీళ్లు లాగేయడం మనం నేర్చుకున్నాం. పాడైన గింజ, నూక, మడ్డి ఇంజనుకు వెళ్లనిద్దాం. మంచి గింజ పండించి ఇంజనుకు పోసే రోజు వస్తే మాత్రం, గట్టు మీద కూర్చున్న ఆ మనిషిని ముందుగా అడగాలి.