చిలకలూరిపేట ప్రాంత వాగులు, మురుగు పారుదల

చిలకలూరిపేట ప్రాంత నీటి పారుదల అంటే ఆంధ్రప్రదేశ్‌లోని పల్నాడు జిల్లా ఆగ్నేయ భాగంలో కురిసిన నీటిని బంగాళాఖాతానికి చేర్చే వాగుల వ్యవస్థ. ఉత్తరాన కృష్ణా, దక్షిణాన గుండ్లకమ్మ ఉన్నా ఈ మైదానం ఆ రెండింటిలో దేనికీ చెందదు. ఇక్కడి ప్రధాన ప్రవాహాలు ఓగేరు, కుప్పగంజి, నక్కవాగు. ఇవి దిగువన నల్లమడ వాగుగా కలిసి, బాపట్ల జిల్లా తీరంలో సముద్రాన్ని చేరతాయి.

మూడూ వర్షాధారాలే. వేసవిలో సన్నగిల్లి, నైరుతి రుతుపవనాల కాలంలోనూ, అక్టోబరు, నవంబరు నెలల వాయుగుండాల సమయంలోనూ పొంగుతాయి. నేల స్వభావమే దీనికి ముఖ్య కారణం. పత్తి, మిరప పండే నల్లరేగడి ఎండకు నెర్రెలు విచ్చుతుంది. తడిసి ఉబ్బాక నెర్రెలు మూసుకుపోయి నీరు లోపలికి ఇంకడం మందగిస్తుంది, మిగిలినదంతా వాగుల పాలవుతుంది. దిగువన వాలు తక్కువ. పూడిక, తూటికాడ, గుర్రపుడెక్క ప్రవాహాన్ని మరింత అడ్డుకోవడంతో గట్లు తెగి పొలాలు మునుగుతాయి. నీరు నిలిస్తే మిరపకు వేరుకుళ్లు సోకుతుంది.

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలారు. 203 కిలోమీటర్ల కుడి కాలువ, అంటే జవహర్ కాలువ, ఆయకట్టు విస్తరించాక వాననీటికి సాగునీటి మిగులు కూడా తోడైంది. దానితో వాగులు మురుగు కాలువల పాత్రనూ పోషిస్తున్నాయి. నల్లమడను స్థానికంగా డ్రెయిన్ అనే పిలుస్తారు.