‘మొట్టమొదటిసారిగా’ అనే మాటకు విలువ ఎలా పోయింది?



పోయిన వారం మన గ్రూపులో ఒకరు "టీవీలో తుపాను వస్తుందంటే ఈ రోజుల్లో ఎవరు నమ్ముతారండీ?" అని రాశారు. చాలామంది నవ్వు బొమ్మలు పెట్టారు. కాశిమేడు సముద్రానికి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్నాం మనం. తొండియార్‌పేటవాళ్ళం నవ్వి ఊరుకోవలసిన మాట కాదిది. ఈ అపనమ్మకం ఒక్క రోజులో పుట్టలేదు. దీని వెనక యాభై ఏళ్ళ కథ ఉంది. నేను చదివింది తమిళ మీడియంలోనే అయినా, ఇది మన భాషలోనే చెప్పాలనిపించింది.

టీవీ రాకముందు సినిమాకు ప్రచారం ఎలా ఉండేది? బండికి రెండు పక్కలా పోస్టర్లు కట్టి, తప్పెట కొట్టుకుంటూ, రంగు కాగితాల నోటీసులు విసురుతూ వీధుల్లో తిరిగేవారు. పిల్లలు ఆ బండి వెంట పరుగెత్తేవారు. నోటీసులో ‘మహత్తర చిత్రం’ అనే ఉంటుంది. దాన్ని ఎవరూ వార్త అనుకోలేదు. అమ్మేవాడు తన సరుకు మంచిదనే చెబుతాడు, అందులో మోసం లేదు. సినిమా బాగోకపోతే ఆ సినిమా ఒక్కటే పోయేది. మన అగస్త్యా థియేటర్ మీద ఎవరికీ నమ్మకం పోలేదు. (ఆ థియేటర్ కూడా 2020లో మూతపడింది, అది వేరే కథ.)

1975 ఆగస్టు 15న మద్రాసు దూరదర్శన్ మొదలైంది. వచ్చే వారం ఏమేమి వేస్తారో చెప్పడానికి ‘మున్నోట్టం’ అని ఒక కార్యక్రమం ఉండేది. పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఈ రోజు ఇది, ఆ రోజు అది, ఆదివారం ఈ సినిమా అని నిదానంగా చెప్పేవారు. అంతే. ఆ ఆదివారం సినిమా పేరు తెలుసుకోవడానికే వీధి వీధంతా టీవీ ఉన్న ఇంటికి చేరేది. ఎనభైల్లో ఆదివారం మధ్యాహ్నం జాతీయ ప్రసారంలో ప్రాంతీయ భాషల సినిమాలు వంతులవారీగా వేసేవారు. మన తెలుగు వంతు కోసం వారాలకు వారాలు కాచుకునేవాళ్ళం. వచ్చిన సినిమా అందరికీ నచ్చేదని కాదు. కానీ చెప్పిన రోజున చెప్పినదే వచ్చేది.

1993 ఏప్రిల్‌లో సన్ టీవీ వచ్చింది. 1995లో మన తెలుగుకు జెమిని, ఈటీవీ వచ్చాయి. పోటీ మొదలైంది. అప్పుడే పండుగ సినిమాకు ముందు గంభీరమైన గొంతుతో "భారతీయ టెలివిజన్‌లో మొట్టమొదటిసారిగా" అని చెప్పడం అలవాటైంది. మొదట్లో అది నిజంగానే కొత్త. తరువాత ప్రతి దీపావళికీ, ప్రతి పొంగల్‌కీ అదే మాట. మరి కొన్నాళ్ళకు ప్రోమోలో కొట్లాట చూపిస్తారు, ఏడుపు చూపిస్తారు, అసలు కార్యక్రమంలో చూస్తే అదంతా ఉత్తుత్తి ఆట. మూడు వారాలు ఊరించిన ఇంటర్వ్యూలో ప్రోమోలో చూసిన రెండు నిమిషాలే సారం.

ఇది మన దగ్గర మాత్రమే జరిగింది కాదు. 1986 ఏప్రిల్ 21న అమెరికాలో గెరాల్డో రివేరా అనే ఆయన, పాత గూండా నాయకుడు అల్ కపోన్ రహస్య గదిని లైవ్‌లో పగలగొట్టిస్తానని రెండు గంటల కార్యక్రమం నడిపాడు. దాదాపు మూడు కోట్ల మంది చూశారట. లోపల దొరికింది మట్టి, కొన్ని ఖాళీ సీసాలు. అయినా ఆ రాత్రి చూసినవాళ్ళ లెక్క మాత్రం బ్రహ్మాండం. అసలు చిక్కు అక్కడే ఉంది. ఊరించినందుకు లాభం ఆ రాత్రే చేతికి వస్తుంది, నష్టం తరువాత ఎప్పుడో తెలుస్తుంది.

వినోదంలో ఉన్నంతవరకు పోనీలే అనుకోవచ్చు. 2004లో టీవీ9, ఆ తరువాత వరుసగా వార్తా ఛానళ్ళు వచ్చాక ప్రోమో గొంతే వార్తల గొంతు అయింది. ‘మొట్టమొదటిసారిగా’ పోయి ‘అందరికంటే ముందుగా’ వచ్చింది. 2008 సెప్టెంబరు 10న జెనీవా దగ్గర శాస్త్రజ్ఞుల ప్రయోగం మొదలైతే, ప్రపంచం అంతమవుతుందా అని మన దేశంలో కొన్ని ఛానళ్ళు గంటల తరబడి అడిగాయి. ఆ భయంతో మధ్యప్రదేశ్‌లో ఒక చిన్నపిల్ల ప్రాణం తీసుకుందని పత్రికల్లో వచ్చింది. 2012 డిసెంబరు 21 యుగాంతం గోల మీకు తెలిసిందే. డిసెంబరు 22న మామూలుగానే తెల్లవారింది. ఎవరూ క్షమించమని అడగలేదు.

ఇక 2016 డిసెంబరుకు వస్తాను. నెల మొదట్లో ‘నాడా’ తుపాను అన్నారు. వాతావరణ శాఖ చెప్పింది హెచ్చరిక, అది వాళ్ళ పని. దానికి ఎర్ర అక్షరాలు, ఉరుముల సంగీతం తగిలించింది టీవీ. ఆ తుపాను బలహీనపడి చెన్నైకి దక్షిణాన తీరం దాటిపోయింది. డిసెంబరు 5 సాయంత్రం జయలలితగారు పోయారని కొన్ని ఛానళ్ళు చెప్పేశాయి. ఆసుపత్రి కాదంది. పార్టీ ఆఫీసులో దించిన జెండా మళ్ళీ ఎగరేశారు. ఆమె రాత్రి 11.30కి కన్నుమూశారని తరువాతే అధికారికంగా ప్రకటించారు. ఆ మధ్య గంటల్లో ఊరు ఎలా వణికిందో మనందరికీ తెలుసు. వారం తిరగకుండా ‘వర్దా’ అన్నారు. "ఇదీ నాడా లాంటిదేలే" అన్నవాళ్ళు మా వీధిలోనే చాలామంది. 12వ తేదీన వర్దా నిజంగానే చెన్నై మీదికి వచ్చింది. వేల చెట్లు కూలాయి, రోజుల తరబడి కరెంటు లేదు, ప్రాణాలు పోయాయి.

‘నాన్నా పులి’ కథ మనందరం చిన్నప్పుడు విన్నదే. అందులో చివరికి పులి నిజంగానే వస్తుంది. అబద్ధం ఆడినవాడికే కాదు, మందకూ నష్టం.

రైల్వేలో పనిచేసినవాడిగా ఒక మాట. ఎంక్వైరీలో కూర్చున్న గుమాస్తా "పది నిమిషాల్లో వస్తుంది" అని మూడుసార్లు చెబితే, నాలుగోసారి ప్రయాణికుడు అతన్ని అడగడు. ప్లాట్‌ఫారం అంచుకు వెళ్ళి పట్టాల మీదికి తొంగి చూస్తాడు. అతను తప్పు చేస్తున్నాడని మనం తిట్టవచ్చు. అతన్ని అక్కడికి పంపింది ఎవరు?

అందుకే నా విన్నపం. టీవీ మీద కోపంతో హెచ్చరికనే కొట్టిపారేయకండి. నుంగంబాక్కం వాతావరణ కేంద్రం బులెటిన్ చదవండి. హార్బర్‌లో ఎన్నో నంబరు తుపాను హెచ్చరిక ఎగరేశారో కనుక్కోండి. ఒకటి నుంచి పదకొండు వరకు ఉంటాయి. ఆ నంబరు కూడా పాత ‘మున్నోట్టం’ లాగే ఉన్నది ఉన్నట్టు చెబుతుంది.

వర్దా రోజున మీ వీధిలో ఎంతమంది ముందే జాగ్రత్త పడ్డారో, ఎందుకు పడలేదో కింద రాయండి. మన పిల్లలకు పనికొస్తుంది.