సిపాయి కన్ను ఎవరిది?

ఉదయగిరి దుర్గం పేరు చెప్పగానే మనకు గుర్తుకు వచ్చేది శ్రీకృష్ణదేవరాయలు. 1514లో ఆ దుర్గం ఆయన వశమైందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. తరగతుల్లో మేమూ అదే చెబుతాం. ఆ కొండ కింద ఏడాదిన్నర పాటు ఎండకు ఎండి వానకు తడిసిన కాల్బలాన్ని గురించి విద్యార్థులు అడగరు, మేమూ చెప్పం. ఈ వ్యాసం ఆ కాల్బలాన్ని గురించినది. అయితే దీన్ని నాచేత రాయించింది అయిదువందల యేళ్లనాటి ముట్టడి కాదు, మన కాలపు వస్తువు ఒకటి. అమెరికా సైన్యం తన పదాతి సిపాయిల తలలకు తొడగాలని తలపెట్టిన కొత్తరకం శిరస్త్రాణం అది.

కిందటేడు మా విద్యార్థులు కొందరిని దుర్గం మీదికి తీసుకువెళ్లాను. వారిలో ఆత్మకూరు వైపు పల్లెనుంచి వచ్చే కుర్రవాడు ఒకడున్నాడు. తెల్లవారకముందే లేచి తారు రోడ్డు మీద పరుగు తీసి, ఆ తరువాత కాలేజీకి వస్తాడు. సైన్యంలో చేరాలని అతని ఆశ. మెట్ట సేద్యాన్ని నమ్ముకున్న కుటుంబాల్లో ఈ ఆశ కొత్తది కాదు. కొండ ఎక్కి, కూలిన బురుజు నీడలో కూర్చున్నాక, తన సెల్‌ఫోను నాకు చూపించాడు. అందులో ఒక సిపాయి కళ్లకు అద్దాలూ, తలకు టోపీ. చీకట్లో మనుషుల ఆకారాలు తెల్లగా వెలుగుతున్నాయి. పక్కన పటం, తోటి సిపాయిల జాడ తెలిపే గుర్తులు.

"సార్, ఇది వుంటే చీకట్లో కూడా మనిషి కనబడతాడంట. గోడ చాటున వుండి తుపాకి మాత్రం బయటపెట్టి గురి చూడొచ్చంట," అన్నాడు.

నేను అలవాటు ప్రకారం సామ్రాజ్యవాదాన్ని గురించీ, ఆయుధాల వ్యాపారాన్ని గురించీ ఒక ఉపన్యాసం మొదలుపెట్టాను. అతను మర్యాదగా విన్నాడు. అంతా అయిన తరువాత, "మీరు చెప్పేది నిజమే కావచ్చు సార్. కాని తల నాది గదా," అన్నాడు.

నాకు జవాబు తోచలేదు. కొండ దిగేటప్పుడూ తోచలేదు. ఆ జవాబు వెతికే ప్రయత్నమే ఈ వ్యాసం. నేను తెలుగు చెప్పేవాణ్ణి, చరిత్ర శాస్త్రజ్ఞుణ్ణి కాను. అయినా మన ముంగిట్లో వున్న దుర్గం దగ్గరే మొదలుపెడతాను.

గిరిదుర్గం అంటే ఏమిటి? ఒక విధంగా చూస్తే అది రాతితో కట్టిన కన్ను. ఉదయగిరి కొండ రమారమి 3 వేల అడుగుల ఎత్తు. పైనున్నవాడికి కింది మైదానమంతా కనబడుతుంది. కిందనున్నవాడికి కనబడేది బండ. గజపతుల ఏలుబడిలో వున్న ఈ దుర్గాన్ని రాయలు 1513లో ముట్టడించాడు. పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ లెక్క ప్రకారం రాయల వెంట 34,000 కాల్బలం, 800 ఏనుగులు. దుర్గంలో 10,000 కాల్బలం, 400 గుర్రాలు. లోపలివారికి అంతకన్న అవసరం లేకపోయింది. ఎందుకంటే పైకి వెళ్లే దారి ఒక్కటే. అందులో ఒకరి వెనుక ఒకరుగా మాత్రమే నడవడానికి వీలు. అప్పుడు రాయలు చేయించిన పనేమిటి? కొండలకు అడ్డంగా దారులు తొలిపించాడు. పెద్ద పెద్ద బండలను పగలగొట్టించాడు. ఆ ఇరుకు దారిని వెడల్పు చేయించాడు. ఏడాదిన్నర పట్టింది. చివరకు గజపతి బంధువు తిరుమల రౌతరాయలు ప్రాణాలతో చిక్కాడని శాసనాలు చెబుతున్నాయి. దుర్గంలోని బాలకృష్ణ విగ్రహాన్ని రాయలు విజయనగరానికి తీసుకువెళ్లి, 1515లో గుడి కట్టించి ప్రతిష్ఠించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో వున్నది.

పట్టుబడినవాడి పేరు శాసనాల్లో వుంది. విగ్రహం మ్యూజియంలో వుంది. బండలు పగలగొట్టినవారి పేరు ఎక్కడా లేదు. పైనుంచి తమను చూస్తున్న కన్ను కింద, తాము ఏమీ చూడలేని చోట, సమ్మెట పట్టుకుని పని చేసినవారు వాళ్లు. ఉదయగిరిని జయించింది కత్తి ఎంతో, సమ్మెట అంతకన్న తక్కువ కాదు.

ఆ కాలపు సిపాయి తలకు ఏముండేది? 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పేస్ మహానవమి కవాతును వర్ణిస్తూ మెడ దాకా కప్పే శిరస్త్రాణాలను గురించీ, ముఖానికి అడ్డుపెట్టే కవచాన్ని గురించీ రాశాడు. అయితే ఆ వర్ణన వచ్చేది గుర్రపు రౌతుల దగ్గర. గుర్రం గలవాడి తలకు ఒక విలువ, నడిచేవాడి తలకు మరొక విలువ వుండడం భూస్వామ్య సైన్యాల ధర్మం. ఇక చూపు సంగతి. చారులే రాజుకు కళ్లు అనే మాట మన రాజనీతి గ్రంథాలకు పాతది. చూపు రాజుది, నడక సిపాయిది.

మన నెల్లూరి తిక్కన తెలిగించిన యుద్ధపర్వాల్లోనూ ఈ ఏర్పాటే వుంది. కురుక్షేత్రమంతా కనబడే దివ్యదృష్టి సంజయునికి ఇచ్చారు. ఎందుకు? కుర్చీలో కూర్చున్న ధృతరాష్ట్రునికి యుద్ధం తెలియడానికి. పద్దెనిమిది అక్షౌహిణుల్లో ఒక్క కాలిబంటుకు కూడా ఆ దృష్టి అక్కరలేకపోయింది. అందువల్ల ఇప్పుడు కాలిబంటు కళ్లకే దివ్యదృష్టి ఇస్తామని ఒక ప్రభుత్వం అంటే, అది పైకి పెద్ద మార్పుగానే కనబడుతుంది. నిజంగా మార్పేనా అన్నది విచారించవలసిన విషయం.

ఆధునిక సైన్యాల్లో ఇనుప టోపీ కూడా దయాదాక్షిణ్యాల వల్ల రాలేదు. 1914లో ఫ్రెంచి, బ్రిటిషు సిపాయిలు గుడ్డ టోపీలతోనే యుద్ధానికి వెళ్లారు. ఫిరంగి గుళ్ల ముక్కలు తగిలి వేలమంది తలలు పగిలిన తరువాత, 1915లో ఆ రెండు సైన్యాలూ ఉక్కు టోపీలు ఇచ్చాయి. సిపాయిలు తరిగిపోతుంటే సిపాయి తలకు విలువ పెరిగింది. కారణం ఏదైనా ఆ టోపీ ఎన్నో ప్రాణాలు కాపాడింది. ఇది మనం ఒప్పుకోవాలి. మా కుర్రవాడి మాటలోని సత్యం ఇక్కడ వుంది.

కళ్ల ముందున్న ప్రపంచం మీద లేని బొమ్మను పరిచి చూపించే విద్యను ఇప్పుడు ఆగ్మెంటెడ్ రియాలిటీ అంటున్నారు. మన పల్లెల్లో అంజనం వేసేవాడు తమలపాకులో చూసి దాచిన సొమ్ము జాడ చెబుతానంటాడు. ఇది యంత్రం వేసే అంజనం అనుకోవచ్చు. 1968లో అమెరికాలో ఐవాన్ సదర్లాండ్ తలకు తొడిగే తెరను మొదటిసారి చేసి చూపించాడు. బరువు ఎక్కువై దాన్ని పైకప్పునుంచి వేలాడదీయవలసి వచ్చింది. అంతకు కొద్ది యేళ్ల ముందు ఆయన అమెరికా రక్షణ పరిశోధన సంస్థ ఆర్పాలో కంప్యూటర్ల విభాగానికి అధిపతి. ఈ విద్య పుట్టుకనుంచీ సైన్యం ఉప్పు తిన్నదే. తరువాత ల్యాండ్ వారియర్ అనే పథకం కింద కంటి ముందు చిన్న తెర, ఒంటినిండా తీగలు, బ్యాటరీలు తగిలించి 2007లో సిపాయిలను ఇరాక్ పంపారు. బరువు మోయలేక వాళ్లు విసుక్కున్నారు.

2018లో మైక్రోసాఫ్టు కంపెనీకి సుమారు 48 కోట్ల డాలర్ల కాంట్రాక్టు దక్కింది. తన హోలోలెన్స్ అనే అద్దాలను సిపాయికి తగినట్టు మార్చి ఇవ్వడం పని. 2021 మార్చిలో అది పదేళ్లలో 2,188 కోట్ల డాలర్ల దాకా పెరగగల ఒప్పందం అయింది. ఇందులో చీకటి చూపు, మనిషి ఒంటి వేడిని పట్టే కెమెరా, దిక్సూచి, పటం, తోటివారి జాడ, తుపాకి గురి అన్నీ కళ్ల ముందే కనబడతాయి. సాయుధ శకటంలో కూర్చున్నవాడు బయటి కెమెరాల ద్వారా ఇనుప గోడ అవతలికి చూడగలడు.

ఇక్కడ మన తెలుగువారికి సంబంధించిన ముచ్చట ఒకటి వున్నది. ఆ కంపెనీ అధిపతి సత్య నాదెళ్ల హైదరాబాదులో పుట్టినవాడు. తండ్రి యుగంధర్ గారు గ్రామీణాభివృద్ధికి పాటుపడిన ఐ.ఎ.ఎస్. అధికారి. చిన్నప్పుడు తన గదిలో నాన్న కార్ల్ మార్క్స్ బొమ్మను, అమ్మ లక్ష్మీదేవి బొమ్మను తగిలించిన సంగతి నాదెళ్ల తన పుస్తకంలో రాసుకున్నాడు. 2019 ఫిబ్రవరిలో ఆ కంపెనీ ఉద్యోగులే, మొదట యాభైమందికి పైగా, ఈ కాంట్రాక్టు మానుకోవాలని లేఖ రాశారు. తాము చేసిన విద్య మనుషులను చంపే పనికి వాడడం, యుద్ధాన్ని ఆటలా మార్చడం తమకు సమ్మతం కాదన్నారు. ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వాలకు, వారి స్వేచ్ఛను కాపాడే సంస్థలకు తమ విద్యను నిరాకరించబోమని నాదెళ్ల జవాబు. ఈ సంగతిని చెప్పి, లక్ష్మి గెలిచింది, మార్క్సు ఓడిపోయాడని నవ్వుకోవడం సులభం. కాని వ్యక్తిని నిందించి తృప్తిపడడం మన పద్ధతి కాకూడదు. ఆ కుర్చీలో మన తెలుగువాడు కాక మరొకడు కూర్చున్నా 2,188 కోట్ల డాలర్లు వద్దని చెప్పివుండేవాడా? అది గుణానికి సంబంధించిన ప్రశ్న కాదు, పెట్టుబడి స్వభావానికి సంబంధించిన ప్రశ్న. ఆ ఉద్యోగుల లేఖలో వున్న విలువ మాత్రం చిన్నది కాదు. సమ్మెట పట్టినవాడే, ఈ దారి ఎవరి కోసం తొలుస్తున్నామని అడిగాడు.

తరువాత ఏమయింది? పరీక్షల్లో సిపాయిలకు తలనొప్పి, కళ్ల మంట, వాంతి వికారం కలిగాయి. అట్లా ఇబ్బంది పడినవారిలో 80 శాతానికి పైగా మూడు గంటలు గడవకముందే పడ్డారని 2022 పరీక్షల నివేదిక చెప్పింది. అద్దాల వెలుగు దూరానికి కనబడి శత్రువుకు తమ జాడ చెబుతుందని కొందరన్నారు. శత్రువును చూపించే అద్దం తొడిగినవాణ్ణే పట్టిచ్చిందన్నమాట! సిపాయిలకు పనికి రాకపోతే అంత సొమ్మూ వృథా కాగలదని రక్షణశాఖ తనిఖీ అధికారి అదే యేడు హెచ్చరించాడు. 2023 సంవత్సరానికి సైన్యం అడిగిన 40 కోట్ల డాలర్లను అమెరికా చట్టసభ నిరాకరించింది. 2025 ఫిబ్రవరిలో ఈ పని ఆండురిల్ అనే ఆయుధాల కంపెనీ చేతికి మారుతున్నట్టు ప్రకటించారు. పథకం చావలేదు, యజమాని మారాడు.

దీన్ని బట్టి ఒక విషయం గ్రహించాలి. ఉదయగిరి కింద బండ కొట్టినవాడి తలనొప్పిని ఎవరూ రాసిపెట్టలేదు. ఈనాటి సిపాయి తలనొప్పి కాగితం మీదికి ఎక్కింది. వేల కోట్ల పథకానికి అడ్డు తగిలింది. అయిదు శతాబ్దాల్లో కాలిబంటు సంపాదించుకున్నది ఆ మేరకు వుంది. అది కొంచెమే కావచ్చు, కాని నిజం.

అయినా అసలు ప్రశ్న తలనొప్పి కాదు. తలనొప్పి రాని అద్దం రేపు రాకపోదు. అప్పుడు? ఆ అద్దం సిపాయికి ప్రపంచాన్ని చూపించదు. ప్రపంచం మీద ఎవరో వేసిన గుర్తులను చూపిస్తుంది. వీడు మనవాడు, వాడు పగవాడు అనే తీర్పు అతని కళ్లకు చేరేముందే జరిగిపోయి వుంటుంది. అతను ఎక్కడున్నాడో, దేన్ని చూస్తున్నాడో కూడా యంత్రానికి తెలుస్తుంది. వెనుకటి సిపాయి పైవాడి ఆజ్ఞ చెవితో వినేవాడు. చెవితో విన్నదాన్ని కంటితో సరిచూసుకునే అవకాశం అతనికి మిగిలి వుండేది. ఆజ్ఞే కంటిలోకి వస్తే సరిచూసుకునేది దేనితో?

1930 ఏప్రిల్ 23న పెషావరులో నిరాయుధులైన పఠానుల మీద కాల్పులు జరపమంటే, చంద్రసింగ్ గఢ్వాలీ నాయకత్వాన గఢ్వాల్ రైఫిల్స్ సిపాయిలు తుపాకులు పేల్చలేదు. పై అధికారి వారికి గుంపును చూపించాడు. వాళ్లు మనుషులను చూశారు. జైళ్లకు వెళ్లారు గాని కాల్చలేదు. వారి కళ్లకు ఆనాడు ఇలాంటి అద్దాలుంటే ఆ పఠానులు ఏ రంగులో కనబడివుండేవారు? ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు.

మన దేశం కూడా ఈ దారిలోనే వున్నది. ఎఫ్-ఇన్‌సాస్ అనే పదాతి పథకం కింద చీకటి చూపు తగిలించిన టోపీ, కవచం, కొత్త తుపాకి 2022 ఆగస్టు 16న రక్షణమంత్రి సైన్యానికి అందజేశారు. అదే యేడు జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ ప్రకారం చేరినవారి కొలువు నాలుగేళ్లు. ఆ తరువాత వుంచుకునేది నూటికి ఇరవైఅయిదుమంది దాకా. దాన్ని వ్యతిరేకిస్తూ జూన్ 17న సికింద్రాబాదు స్టేషనులో జరిగిన ఆందోళనలో, సిపాయి కావాలనుకున్న ఒక యువకుడు కాల్పుల్లో చనిపోయాడు. టోపీకి పదేళ్ల పథకాలు వేస్తున్న లోకంలో, దాన్ని తొడుక్కునే తలకు నాలుగేళ్లే గ్యారంటీ!

ఇప్పుడు మా కుర్రవాడికి జవాబు చెప్పగలననుకుంటాను. అబ్బాయ్, తల నీది. నువ్వన్నది సరి, నేను ఉపన్యాసం చెప్పి తప్పించుకున్నాను. నీ తలను కాపాడే టోపీని అడిగే హక్కు నీకుంది. నాలుగేళ్ల తరువాత ఆ తలకు నీడ ఏదని అడిగే హక్కూ వుంది. కాని తల నీదైనప్పుడు కన్ను కూడా నీదే. దాన్ని మాత్రం ఎవరికీ గుత్తకు ఇవ్వవద్దు.

ఉపాధ్యాయులమైన మనం చేయవలసిన పని ఒకటున్నది. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతపు పల్లెల్లో సైన్యంలో పనిచేసి తిరిగి వచ్చినవారు వున్నారు. సెలవుల్లో మన విద్యార్థులు వారి దగ్గర కూర్చుని, వారు తమ కళ్లతో చూసినదేమిటో అడిగి రాసి తీసుకురావాలి. దుర్గం కట్టించినవారి చరిత్ర, పట్టుకున్నవారి చరిత్ర మన దగ్గర చాలినంత వుంది. దాని కింద నిలబడి పైకి చూసినవారి చరిత్ర ఇక మొదలుకావాలి. వచ్చే వేసవిలో మా తరగతి ఆ పని ప్రారంభిస్తుంది. మొదటి ప్రశ్నలు తయారుచేసే బాధ్యత ఆ కుర్రవాడికే అప్పగించాను.